బాయికాడ

108 కాల్‌సెంటరులో యాస్మిన్ హెడ్‌ఫోను సర్దుకొని, పొద్దుటినుంచి అంటున్న మాటే మళ్లీ అంది. "చెప్పండి, అంబులెన్సు ఎక్కడికి రావాలె?"

జనం తెలుగులో ఏడుస్తారు, ఆమె ఇంగ్లీషులో టైపు చేయాలి. ఆ ఒక్క వాక్యమే డ్రైవరుకు చేరుతుంది. అందులో 'ఇన్ ద వెల్' అని ఉంటే వెంట ఫైరింజను కూడా కదులుతుంది. పాడు ఇంగ్లీషు! తెలుగులో 'కాడ' అంటే లోపలైనా పక్కనైనా అన్నీ సర్దుకుంటాయి, ఇంగ్లీషుకు మాత్రం తేల్చి చెప్పాలి. డిగ్రీలో ఆమె రెండుసార్లు తప్పింది ఈ చిన్న పదాల వల్లే. ఈ ఉద్యోగం దొరికాకే తల్లి షరీఫున్నీసా ఇళ్లల్లో అంట్లు తోమడం మానింది.

పోయిన వారం ఎవరో 'బాయికాడ పడ్డడు' అంటే, భువనగిరి బస్తీలో నల్లా నీళ్లతో పెరిగిన యాస్మిన్ బావిలోనే అనుకొని 'ఇన్' కొట్టింది. ఫైరింజను ఉరికి చూస్తే ఆ మనిషి చేను గట్టున జ్వరంతో పడుకొని ఉన్నాడు. సూపర్‌వైజరు బెంజమిన్ అందరిముందూ కడిగేశాడు.

"గీ దిక్కు బాయికాడ అంటే చేనుకాడ అనమ్మా. 'ఎట్' రాయాలె. ఇంకోసారి గిట్లయితే పని మానుకో."

ఇప్పుడు దేవరకొండ అవతలి ఊరినుంచి మనీష అనే ఆమె ఫోను.

"మా మామ గుర్వయ్య బాయికాడ పడ్డడంట మేడం. పక్క చేనాయన ఫోన్ చేసి చెప్పిండు. జర జల్ది పంపుండ్రి."

"మాట్లాడుతుండా?"

"ఎర్కలేదు. నేను ఇంట్లున్న."

బాయిలనా, బయటనా అని అడగబోయింది. కుర్చీ వెనక బెంజమిన్ నిలబడ్డాడు. ఇంకా నేర్చుకోలేదంటాడని భయమేసింది. 'ఎట్' కొట్టి పంపేసింది.

"గట్ల. ఇప్పుడు సమజైంది నీకు," అన్నాడు బెంజమిన్.

యాస్మిన్ తరువాతి ఫోన్లకు జవాబిస్తూనే, తెరమీద ఏ బండి చేరుకుందో చూస్తూ కూర్చుంది. చివరికి ఆ అంబులెన్సు డ్రైవర్ హసన్ ఫోన్ చేశాడు.

"మేడం, మనిషి బాయిల ఉన్నడు. బండ పట్టుకున్నడు. మాకాడ తాడు లేదు, ఈత ఎవరికీ రాదు."

"ఫైరింజను పంపుతున్న భాయ్, ఫోను పెట్టకుండ్రి."

బెంజమిన్ పక్క ఫోను అందుకొని ఫైర్ స్టేషను నంబరు నొక్కాడు.

"బండిల దుప్పట్లు ముడేసి వేసినం," అంటున్నాడు హసన్. "అందుతలేవు. తాతా, ఇడవకు, ఇడవకు."

తరువాత ఆ అరుపులు ఆగిపోయాయి.

"భాయ్?"

"మునిగిండు మేడం."

బెంజమిన్ ఆమె వైపు చూడలేకపోయాడు. "ఎట్ రాయమన్నది నేనే," అన్నాడు. ఆయన్ని కొట్టాలనిపించింది యాస్మిన్‌కు. అంతకంటే ఎక్కువగా, అడగని తన నోటిమీదే కొట్టుకోవాలనిపించింది.

ఇంతలో మనీష మళ్లీ ఫోన్ చేసింది.

"మేడం, బండి చేరిందా?"

"చేరింది."

"దేవుడు మంచిగ జూసిండు. ఏ దవాఖానకు తెస్తుండ్రు? అన్నం కట్టుకొని వస్త."

అక్కడ గుర్వయ్య చేనుకాడ, మోటారు పైపుకు కట్టిన తెల్ల దుప్పట్లు, ముడులు బిగిసి, బాయిలోకి వేలాడుతూ ఉన్నాయి.