దిద్దిన మాట

కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు డౌలా. కాన్పుల వార్డులో మాత్రం అందరూ తోడక్క అనేవారు. నొప్పులు పడే తల్లి పక్కన కూర్చోవడం, నడుము రాయడం, గుక్కెడు నీళ్లు పట్టడం, ధైర్యం చెప్పడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని చేస్తోంది.

ఆ ఏడు ఆమెకు అప్పగించిన వాళ్లలో బట్టల కంపెనీలో బొత్తాలు కుట్టే అమ్మాయి ఒకతె. దూరం నుంచి వచ్చిన పిల్ల, ఇక్కడి భాష రాదు. మొగుడు కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు. అతనికి మాటలు బాగానే వచ్చుగానీ పొద్దస్తమానం పనిలోనే. అందుకని తోడక్క వారానికి రెండుసార్లు వాళ్ల గదికి వెళ్లి, ఆస్పత్రిలో అవసరమయ్యే నాలుగు ముక్కలు నేర్పేది. నొప్పి, రక్తం, దాహం, పిలవండి. "మా వాళ్లు ఫలానా అమ్మాయి నీళ్లోసుకుంది అంటే స్నానం చేసిందని కాదే, కడుపుతో ఉందని" అంటూ సైగలతో చూపిస్తే ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

ఒక్క తప్పు మాత్రం ఎంత దిద్దినా పోలేదు. "మేము తిన్నాం", "మేము నడిచాం" అనేది.

"మీ ఆయన ఇంట్లో లేడుగా. ఒక్కదానివే తింటే 'నేను' అనాలమ్మా."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది. ఆ మాట ఒక్కసారీ పలకలేదు.

నొప్పులు మొదలై పొద్దున తొమ్మిదింటికి వార్డులో చేరింది. బిడ్డ గుండె చప్పుడు విన్నారు, బాగానే ఉంది. ఎనిమిది మంచాలూ నిండిపోయాయి, ఉన్నది ఇద్దరు నర్సులు. పదకొండు దాటాక ఆ పిల్ల తోడక్క మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నేను," అంది. "నేను. ఒక్కటే."

తోడక్క మొహం విప్పారింది. "చూశావా, ఇన్నాళ్లకి సరిగ్గా అన్నావు. ఒక్కదానివి కాదులే, నేను లేనూ?"

ఆ పిల్ల కడుపు మీద అరచేత్తో తడుతూ అదే మాట మళ్లీ మళ్లీ అంది. తరువాత చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. పుట్టింటివాళ్లు గుర్తొచ్చారేమో అనుకుంది తోడక్క. మొగుడి గొంతు వినిపిస్తే కుదుటపడుతుందని కోల్డ్ స్టోరేజీకి ఫోన్ చేసింది. అతను బయటికొచ్చి తిరిగి చేసేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి.

"ఒంటరిగా ఉందని దిగులు పడుతోంది తమ్ముడూ. నేను, ఒక్కటే అంటోంది."



"అక్కా, 'నేను' అందా? అదే మాటా?"

"అదే."

"మా భాషలో కడుపుతో ఉన్న మనిషి 'నేను' అనదక్కా. కాన్పయ్యేదాకా 'మేము' అనే అంటుంది. లోపల బిడ్డ పోతేనే..."

తోడక్క ఫోన్ మంచం మీద పడేసి పరిగెత్తింది. నర్సు మరో మంచం దగ్గర చేతులు ఖాళీ లేకుండా ఉంది.

"సిస్టర్, మూడో మంచం. బిడ్డ కదలట్లేదట."

"ఇప్పుడే చూశాంగా అక్కా."

"రెండు గంటలైంది. మీ కాళ్లు పట్టుకుంటా, రండి."

నిజంగానే వంగింది. నర్సు గుండె చప్పుడు వినే యంత్రం లాక్కొచ్చి కడుపు మీద ఇటు పెట్టింది, అటు పెట్టింది. చాలాసేపటికి ఎక్కడో అడుగున దొరికింది. ఆగి ఆగి కొట్టుకుంటోంది. డాక్టరమ్మ వచ్చింది, మంచం చక్రాల మీద ఆపరేషన్ గదికి పోయింది. తలుపులు మూసుకున్నాయి.

ఆడపిల్ల. ఏడవలేదు. ముక్కులో గొట్టం పెట్టి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. "ఏ మాటా ఇప్పుడే చెప్పలేం," అంది డాక్టరమ్మ.

పని బట్టల్లోనే వచ్చిన మొగుడితో తోడక్క దాచుకోకుండా చెప్పింది. "నీ భార్య నాకు చెప్పింది తమ్ముడూ. నాకే అర్థం కాలేదు. పైగా మెచ్చుకున్నాను." అతను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఆమెకు.

మూడు రోజులు ఆ పిల్ల తోడక్కతో మాట్లాడలేదు, మొదటి రోజు చెయ్యి వేస్తే విదిలించింది. తోడక్కకు ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు. ఒళ్లు తుడిచింది, జడ వేసింది, పాలు పిండించి చిన్న గిన్నెలో పట్టుకుని అద్దాల గది ముందు నిలబడింది. ఆ గిన్నె రెండుసార్లు ముట్టకుండానే వెనక్కి వచ్చింది.

అయిదో రోజు మధ్యాహ్నం గొట్టం తీశారు. తోడక్క బయట బల్ల మీద మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి నర్సు తలుపు సగం తెరిచింది.

"అక్కా, ఇంకాసిన్ని పాలుంటే తెస్తావా? చాలట్లేదంట మహాతల్లికి."