ఎడమపక్క మనిషి

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి శ్రీరంగనాయకులు కొట్టు తెరవగానే రెండు టీలు వస్తాయి. ఒకటి ఆయనకి, పంచదార లేకుండా. రెండోది ఆయన ఎడమపక్క, ఒకడుగు వెనక నిలబడే భ్రమరాంబకి. నిరుడు పోయిన ఆయన భార్య. ఆయన ఎడమ కంటి కొసకే కనిపిస్తుంది, తిరిగి చూస్తే ఉండదు. బేరానికొచ్చినవాళ్లు అటు తిరిగి "బాగున్నారాండీ" అని పలకరించాకే బస్తాల మీద చెయ్యేస్తారు.

బతికుండగానూ ఆవిడ అక్కడే నడిచేది. మొగుడితో సమంగా నడవడం వాళ్లింట్లో లేదు. ఆయనదా, పరుగులాంటి నడక. వెనక మనిషి అందుకుంటోందా లేదా అని ఒక్కనాడూ తిరిగి చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడు షుగరు కళ్లకెక్కింది. కోడలు నాగవల్లి ఆయన్ని ఏలూరు కంటాసుపత్రికి తీసుకెళ్లింది. లేజరు పెట్టకపోతే మొత్తం చూపే పోతుందంది డాక్టర్ బ్లెస్సీ.

"పెడితే ఎదుటిచూపు నిలుస్తుందండి. కంటిపొర అంచులు కాల్చాలి కాబట్టి పక్కచూపు తగ్గిపోద్ది."

"ఎడమపక్క కూడానాండీ?"

డాక్టరు ఆయన ఎడమపక్కకి ఓసారి చూసి తల దించుకుంది. నాగవల్లి కళ్లొత్తుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెట్టించుకున్నా, మానేసినా భ్రమరాంబ దక్కదు. మిషను మీద గడ్డం ఆనించబోతూ, మెడ తిప్పకుండా ఆయన ఎన్నడూ అననిమాట అన్నాడు.

"ఇంక వెనక ఉండకు భ్రమరాంబా. ముందుకొచ్చి నడువు."

సిట్టింగు సిట్టింగుకీ కంటి కొసన ఆవిడ కొంగు కొంచెం కొంచెంగా చెరిగిపోయింది. ఆఖరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆయన చిన్నక్షరాలు కూడా చదివాడు. డాక్టరు సంతోషించింది.

ఆసుపత్రి మెట్లు దిగేసరికి ఎదురుగా, రోడ్డు మీద, భ్రమరాంబ వీపు. ముడిలో కనకాంబరాలు. ఎడమకాలు కుంటుతోంది.

"ఆ కాలికేమైంది?" పక్కనున్న కోడల్ని అడిగాడు.

"అత్తయ్యగారికి ఎప్పట్నించో మోకాలి నెప్పి కదండీ మావయ్యగారూ. మిమ్మల్ని అందుకోలేక ఆయాసపడిపోయేవారు."

ఆయన గబగబా రెండడుగులు వేసి ఆగమని పిలిచాడు. కుంటుతూనే ఆవిడ చకచకా పోతోంది, ఆయన నేర్పిన నడకే. షుగరుకి మొద్దుబారిన ఆయన కాళ్లు అందుకోలేకపోయాయి. బస్టాండు జనంలో కలిసిపోయేదాకా ఆవిడ స్పష్టంగా కనిపించింది. ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు కొట్టుకి ఒక టీయే వచ్చింది. రెండోదేదని ఆయన అడగలేదు.