గొంతు దిగిన నీళ్లు

బస్సు డ్రైవరుది పెద్ద నోరు. అతని భార్య నెమ్మది మనిషి, ఇంట్లోనే బట్టలు కుట్టేది. సూదిలోకి దారం మొదటిసారే ఎక్కినా, పాలు పొంగకముందే గుర్తొచ్చినా, "నీ మేలు మరువను స్వామీ" అని పైకే అనేది. డ్రైవరు ఊరుకునేవాడా? మన పాలకు కాపలా కాయడం తప్ప దేవుడికి వేరే పనేమీ లేదా అని ఆటపట్టించేవాడు. ఆమె నవ్వేసేది.

ఒక ఏడు అతని గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గండం గడిచినట్టేనని, మింగడం మాత్రం ఎప్పటికి వస్తుందో చెప్పలేనని డాక్టరమ్మ అంది. ముక్కులో గొట్టం వేసి ఇంటికి పంపారు. దాని గుండానే జావ, నీళ్లు. మాట గుసగుసగా వచ్చేది.

భార్య అన్నీ వేళకు చేసింది. జావ వడకట్టింది, గొట్టం కడిగింది, వీపు వెనక దిండ్లు సర్దింది. కానీ ఆ ఒక్క మాట ఆమె నోట మళ్లీ వినబడలేదు. ఒక ఉదయం ఆమె మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి, దాని వంకే చూస్తూ ఉండిపోయింది. ఇల్లంతా చిన్నబోయినట్టు తోచింది డ్రైవరుకు. దగ్గరికి పిలిచి, ఎందుకు మానేశావని అడిగాడు.

"ఏమని చెప్పనండీ? మీకు గుక్కెడు నీళ్లు దిగడం లేదు. నేను దారం ఎక్కిందని దండం పెట్టనా?" ఆమె చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది. "భయంగా ఉంది. నోరు రావడం లేదు."

అతను ఆమె చెయ్యి తన దుప్పటి మీదికి లాక్కున్నాడు.

"సరేలే, నీకు వచ్చేదాకా నేను చెబుతా. నాకు అలవాటు లేదు, తప్పులుంటే ఆ దేవుణ్ణే సర్దుకోమను."

గడ్డ ముదరకముందే బయటపడినందుకు "నీ మేలు మరువను స్వామీ" అని చెప్పాడు. నొప్పి తెలియకుండా గొట్టం మార్చే నర్సమ్మ దొరికినందుకు, తోటి డ్రైవర్లు తన డ్యూటీలు పంచుకుంటున్నందుకు చెప్పాడు. రాత్రి దగ్గు లేకుండా నిద్ర పట్టినందుకు చెప్పాడు. చివర్లో కాస్త ఆగి, నాలాంటి నసగాణ్ణి భరించే ఓపిక ఈవిడకు ఎక్కడి నుంచి తెచ్చిచ్చావు స్వామీ అనేసరికి, ఆమె ఏడుస్తూనే నవ్వింది.

అప్పటినుంచి పొద్దున్నే అది అతని పనైంది. కొన్నాళ్లు ఆమె వింటూ కూర్చునేది. తర్వాత్తర్వాత అతను మరిచిపోయినవి అందించసాగింది.

చలి తగ్గేవేళకు ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ చెంచాతో నీళ్లు పోసింది. మొదటి చెంచాకు పొలమారింది. రెండోసారి అతని గొంతు కదిలింది.

"దిగాయా?" అంది భార్య.

"దిగాయి."

ఆమె అతని భుజానికి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఇంటికి వచ్చాక తానూ ఒక గ్లాసు నీళ్లు ముంచుకుని, గోడకు చేరగిలబడి, ఇన్నాళ్లకు తొందర లేకుండా తాగింది.