ముదరనిచ్చిన చేను

ఇన్నమ్మ చేత నాగరాజు చీర దులిపించింది పట్టపగలు పదకొండు గంటలకి, తోట గేటు దగ్గర, ముప్పైమంది చూస్తుండగా.

చాట్రాయి రోడ్డులో నాగరాజు కౌలుకి తీసుకున్న లేత మామిడితోట అది. మొక్కలింకా నడుమెత్తు రాలేదు గనక వరసల మధ్య ఖాళీలో గోరుచిక్కుడు వేశాడు. పద్నాలుగుమంది ఆడవాళ్లు తెల్లారగట్ల నుంచి వంగిన నడుం ఎత్తకుండా కోశారు. బస్తాలు నూజివీడు మార్కెట్‌కి వెళ్లే ఆటోలోకి ఎక్కుతున్నాయి. ఇళ్లకి బయల్దేరిన ప్రతి మనిషి ఒళ్లోనూ గుప్పెడు కాయలున్నాయి, ఆ పూట కూరకి. కోతకెళ్లినవాళ్లు అలా తెచ్చుకోవడం ఆ చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్నదే. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు.

ఆ రోజు నాగరాజు గేటుకి అడ్డంగా మోటారుసైకిలు పెట్టి కూర్చున్నాడు. అందరికంటే ముందు నడుస్తున్న ఇన్నమ్మని ఆపాడు.

"ఏం ముసల్దానా, ఒళ్లో ఏంటి?"

"కూరకి బాబూ. గుప్పెడు."

"నీ బాబు వేశాడా చేను? దులుపు."

ఆమె కొంగు విప్పి దులిపింది. కాయలు మట్టిలో పడ్డాయి. కుచ్చిళ్లు కూడా దులపమన్నాడు. పక్కతోటలో మామిడికాయలు కోస్తున్న మగవాళ్లు పని ఆపి చూస్తున్నారు. అరవై రెండేళ్ల ఇన్నమ్మ కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని దులిపింది. ఏమీ పడలేదు. కూలీలని కుదిర్చే ముఠా మేస్త్రి సాంబయ్య నవ్వాడు. నవ్వకపోతే రేపు పని ఇంకో మేస్త్రికి పోతుందని నవ్వాడు.

ఇన్నమ్మ వెనక నాలుగో మనిషి ఆమె కోడలు సవరమ్మ. ఆమె ఒళ్లోనూ గుప్పెడు కాయలున్నాయి. అత్త కొంగు విప్పుతున్నప్పుడు సవరమ్మ వేళ్లు వాటంతటవే కదిలి, ఒడి ముడి సడలించి, కాయల్ని కాళ్ల దగ్గర సాళ్లోకి జారవిడిచాయి. తర్వాత ఆమె తల వంచుకుంది. అత్త అవమానాన్ని చూడలేకే తల వంచుకున్నానని తనకి తను చెప్పుకుంది. అది అబద్ధమని కాళ్ల దగ్గర పడున్న కాయలకి తెలుసు.

ఇంటికొచ్చాక ఇన్నమ్మ పొయ్యి వెలిగించలేదు. గడపలో కూర్చుని చాలాసేపటికి ఒకే ఒక్క మాట అడిగింది.

"అప్పుడు నువ్వెక్కడున్నావే?"

సవరమ్మ పెరట్లోకి వెళ్లింది. గోరుచిక్కుడు నూగు అంటుకున్న చేతులు రెండు గంటలపాటు దురదపెడతాయి. ఆ మధ్యాహ్నం ఆమె వాటిని రాయి మీద రుద్దుతూనే ఉంది. నాగరాజు ముఖం గుర్తొస్తే కోపం వచ్చేది. తన వేళ్లు గుర్తొస్తే ఆ కోపం పగ అయ్యేది. మనిషి తనని తను క్షమించుకోలేనప్పుడు ఎదుటివాణ్ణి ఎంతకీ వదలడు. సవరమ్మకి ఆ సంగతి అస్పష్టంగా తెలుస్తూనే ఉంది. తెలిసినా పగ తగ్గలేదు.

సాయంత్రం చర్చి ముందు అరుగు మీద ముఠా అంతా కూడింది. ముఠాలోనే ఉన్న పక్కవీధి భవాని, ఆమె తోటికోడళ్లు కూడా వచ్చారు. ఇంటర్ చదివి ఆపేసిన షీబా అందరికంటే వేడిగా ఉంది.

"ఈ రాత్రికే వెళ్లి చేను మొత్తం పీకిపారేద్దాం," అంది.

భవాని ఒప్పుకోలేదు. పీకితే కేసు అవుతుందని, పెద్దమనుషుల దగ్గరికి వెళ్దామని చెప్పింది. ఆ పెద్దమనుషులు నాగరాజు మోటారుసైకిలు వెనక కూర్చుని తిరిగేవాళ్లేనని ఎవరో అంటే చాలామంది నవ్వారు. ఎవరూ ఎవరి ముఖమూ చూడటం లేదు. అందరూ ఏదో దాస్తున్నట్టున్నారు.

సవరమ్మ లేచింది. ఏం మాట్లాడాలో అనుకోలేదు.

"నా ఒళ్లోనూ కాయలున్నాయి," అంది. "అత్తని ఆపగానే సాళ్లో జారవిడిచాను. ఎవరూ చూడలేదనుకున్నాను."

భవాని గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"నేనూ అంతేనే సవరమ్మా."

షీబా తల వంచుకుని చెయ్యెత్తింది. ఆమె పక్కనున్నామె కూడా ఎత్తింది. ఒక్కొక్కరే చెప్పారు. ఇన్నమ్మ కాక పదమూడు మంది, పదమూడు గుప్పెళ్లు. ప్రతి ఒక్కరూ ఆ పాపం తన ఒక్కదానిదే అనుకుని మధ్యాహ్నమంతా మోశారు. భయం వాళ్లని విడివిడిగా పట్టుకుంది, ఒకే సాళ్లో నిలబెట్టి, ఒకరికొకరు తెలియకుండా. అది బయటపడ్డాక ఎవరికీ ఏడుపు రాలేదు. అందరూ సవరమ్మ వైపు తిరిగారు.

"పీకొద్దు," అంది సవరమ్మ. "చేను మీద చెయ్యే వెయ్యొద్దు. ఎల్లుండి కోతకి వెళ్లం. ఆ తర్వాత కోతకీ వెళ్లం. మిగతాది చేనే చూసుకుంటుంది."

అందరికీ అర్థమైంది. రోజు విడిచి రోజు కోస్తేనే గోరుచిక్కుడు. నాలుగు రోజులు ఆగితే కాయలో గింజ పట్టి పీచు తేలుతుంది, పశువు కూడా ఇష్టంగా తినదు. కాయని చెట్టుమీదే ముదరనిస్తే చెట్టు గింజ మీద పడి పూత మానేస్తుంది. ఆపైన ఎంత నీళ్లు పెట్టినా పంట తిరగదు. మార్కెట్‌లో కూర్చుని రేటు చూసుకునే నాగరాజుకంటే చేతుల్తో కోసే పద్నాలుగు మందికే ఆ సంగతి బాగా తెలుసు.

మొదటి కోత ఆగినప్పుడు సాంబయ్య వచ్చి బతిమాలి వెళ్లాడు. రెండోది కూడా ఆగిన ఉదయం నాగరాజే వీధిలోకొచ్చాడు. అప్పటికింకా సగం చేను లేతగానే ఉంది. ఆ పూట కోస్తే దక్కుతుంది. ఏదో తలనొప్పిలో నోరు జారానని, ఇక మీద గుప్పెడేం ఖర్మ, సంచీడు తీసుకెళ్లమని చెప్పాడు. కొందరు మెత్తబడ్డారు. ముసలామెకి క్షమాపణ దొరికింది కదా, ఇంకేం కావాలని భవాని తోటికోడలు గొణిగింది.

సవరమ్మకి భయం వేసింది. ఇతన్ని క్షమిస్తే తన వేళ్లని కూడా క్షమించాల్సి వస్తుందేమోనని భయం. ఇది అత్త పక్షాన నిలబడటమా, తన సిగ్గుకి మందు వెతుక్కోవడమా అని ఆమె ఒక్క క్షణం తడబడింది.

మాట్లాడింది ఇన్నమ్మ. అన్ని రోజుల తర్వాత అదే ఆమె బయట మాట్లాడటం.

"అక్కడన్న మాటకి ఇక్కడ చెప్తే ఎట్టా బాబూ? గేటు దగ్గరికి రా. ఆ మగాళ్లు పక్కతోటలోనే ఉన్నారు. వాళ్లు చూస్తుండగా చెప్పు. ఇప్పుడే వస్తాం, నీ కాయ కూడా కోస్తాం."

నాగరాజు ముఖం ఎర్రబడింది. "నీ వయసుకి గౌరవమిచ్చి ఇంత దూరం వచ్చాను. గేటు దగ్గర నిలబడి కూలోళ్ల ముందు చెప్పాలా నేను?"

"చీర దులిపింది నేను. అప్పుడూ వాళ్లే ఉన్నారుగా."

అతను బండెక్కి వెళ్లిపోయాడు. గొణిగిన తోటికోడలు ఈసారి గొణగలేదు. వెళ్తున్న బండి వైపు చూసి, "ముదరనీండి," అంది.

మర్నాడు ఉంగుటూరు వైపు నుంచి ట్రాలీ ఆటోలో వేరే ముఠా దిగింది. వరికోతలు అయిపోయి పనికోసం చూస్తున్న ఆడవాళ్లు. ఈ పద్నాలుగుమందీ గేటు ముందు దారిలో బైఠాయించారు. షీబా ఆటో డ్రైవర్ మీదికి వెళ్లబోతే సవరమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ ముఠా పెద్ద రాజ్యలక్ష్మి నడుం మీద చెయ్యేసుకుని గొడవేంటని అడిగింది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. జరిగింది ఇన్నమ్మే చెప్పింది, కుచ్చిళ్ల సంగతితో సహా.

రాజ్యలక్ష్మి చాలాసేపు గేటుకేసి చూసింది.

"మేం కూడా ఒళ్లో కూరతోనే ఇంటికెళ్తాం పిన్నీ," అంది. తనవాళ్ల వైపు తిరిగి, "ఎక్కండే ఆటో. ఇక్కడ కొయ్యొద్దు," అని కేకేసింది.

ఎనిమిదో రోజుకి చేను పైనుంచి పచ్చగానే ఉంది. దగ్గరికెళ్లి చూస్తే కాయలు బిరుసెక్కి, గింజలు ఉబ్బి, పూత రాలిపోయి ఉన్నాయి. నాగరాజు సాంబయ్య చేత రెండు బస్తాలు కోయించి మార్కెట్‌కి పంపితే, అక్కడి వ్యాపారి కాయని విరిచిచూసి బస్తాలు దించనివ్వలేదట. ఆ మాట విన్నప్పుడు సవరమ్మకి కడుపు నిండా అన్నం తిన్నంత హాయి కలిగింది. ఆ హాయికి ఆమె సిగ్గుపడలేదు.

మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. పంట పాడుచేశారని నాగరాజు పెట్టిన కేసు. పేరు సవరమ్మది. వీధి వీధంతా జీపు చుట్టూ మూగింది.

"ఏం చేశావమ్మా చేనుని?" అడిగాడు ఎస్సై.

"ఏం చెయ్యలేదండి. చెయ్యే వెయ్యలేదు. అది నేరమైతే రాసుకోండి, పద్నాలుగు పేర్లు రాసుకోండి."

భవాని ముందుకొచ్చి తన పేరు చెప్పింది. షీబా ఇంటిపేరుతో సహా చెప్పింది. ఇన్నమ్మ ఎవరినీ అడగకుండా జీపెక్కి సవరమ్మ పక్కన కూర్చుంది. దిగమంటే దిగలేదు. మిగిలినవాళ్లు స్టేషన్‌కి నడుచుకుంటూ వస్తామని చెప్పి జీపు ముందూ వెనకా బయల్దేరారు. అంతమంది రోడ్డంతా నిండి నడుస్తుంటే డ్రైవర్ ముందుకి దూసుకుపోలేక నెమ్మదిగానే నడిపాడు.

దారికి రెండువైపులా లేత మామిడితోటలే. వాటి మధ్య బెండ, వంగ, మళ్లీ గోరుచిక్కుడు. ఆ సాళ్లలో వంగి కోస్తున్న ఆడవాళ్లు జనం సందడి విని నడుం ఎత్తి చూశారు. ఎవరిని తీసుకెళ్తున్నారని ఒకామె కేకేసి అడిగింది. నడుస్తున్నవాళ్లు చెప్పారు. ఆమె చేతిలో ఉన్న కాయలు బుట్టలో పడేసి, బుట్ట అక్కడే వదిలేసి, గట్టు దాటి రోడ్డు మీదికొచ్చింది. ఆ సాలు సగం కోసి ఉంది. ఆమె ఆసామి వెనకనుంచి పిలుస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాతి తోటలో నలుగురు లేచారు.