మూడో టేకులో పలికిన పేరు

ఉంగరం తీసేయమంది సినిమావాళ్ల దుస్తుల పిల్ల, పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఇలాంటిది ఈ ఊళ్లో ఎవరికుంటుంది మేడమ్ అంది, నిజమే, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే, పట్టా పుచ్చుకున్న రోజు పెట్టుకున్న ఉంగరం, ఇన్నేళ్లకు సబ్బు రాస్తే గానీ ఊడిరాలేదు, వేలికి పాలిపోయిన గాడి మిగిలింది, దాన్ని రుద్దుకుంటూ మా చర్చిలోనే, అమ్మ కూర్చున్న రెండో బల్లమీదే, నల్లగౌనులో మా అన్న ఓడెల్ అంత్యక్రియల్లో నటిస్తున్నాను, సినిమాలో వాడి పేరు మార్చారు, పెట్టెలో ఇసుక బస్తాలట, మోసేవాళ్లకు బరువు తెలియాలి కదా, మిసిసిపీ ఎండకు అట్ట విసనకర్రలు ఊపుకోవచ్చు గానీ నోరు మెదపొద్దన్నారు, మా గొంతులు తర్వాత కలుపుకుంటారట, అయినా రెండుసార్లు పాడైంది, పాస్టరు వేషగాడు ప్రభువా అనగానే బల్లలన్నీ అవునయ్యా అన్నాయి, పక్కనున్న సిస్టర్ వెర్డీ అయితే చెప్పు నాయనా చెప్పు అని చేయి కూడా ఎత్తింది, డైరెక్టరు తల పట్టుకుంటే నేనేం చేయను బాబూ, దైవసేవకుడు పిలిస్తే పలక్కుండా ఉండటం మా అమ్మ నేర్పలేదు, పైగా ఇతను మా పాస్టరుకన్నా బాగా చెబుతున్నాడు అంది, అందరూ నవ్వారు, వెనక బల్లలో మా పాస్టరూ నవ్వాడు, నన్ను చూపించి, టీచరమ్మను చూసి నేర్చుకోండర్రా, ఒక్క మాటైనా జారిందా అంది వెర్డీ, నాకు మాత్రం అమ్మ నేర్పింది అదే, పలక్కుండా ఉండటం.

అప్పుడు పదిహేడేళ్లు నాకు, తీగమీది దుప్పట్లు తీస్తున్నాను, ఇంకా వెలుతురుంది, మా నల్లవాళ్లను ఓటర్లుగా చేర్పించే కాగితాలతో నడిచొస్తున్న అన్నను తెల్లవాళ్లు ట్రక్కులోకి ఈడ్చారు, స్టీరింగు దగ్గర ఆర్లిస్ గ్యాంట్, మేము మేకులూ కిరసనాయిలూ కొనుక్కునే కొట్టాయన, నన్ను చూశాడు, టోపీ అంచు తాకాడు, గుడ్ ఈవెనింగ్ అన్నట్టు, వారానికి ఆరా తీయడానికి వాషింగ్టన్ నుంచి టైలు కట్టుకున్న ఇద్దరొచ్చారు, ఆ సాయంత్రం మా పిల్ల ఇంట్లోనే ఉందండీ, ఏమీ చూడలేదు అంది అమ్మ, తలుపు వెనక నా నోటిమీద ఆమె చెయ్యి, ఉల్లిపాయ వాసన, ఒకడు మట్టిలోకి పోయాడు, నువ్వు కాలేజీకి పోవాలి, నోరు మూసుకో అంది, పోయాను, పట్టా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, కేసులో మాత్రం ఏ పేరూ రాలేదు, గ్యాంట్ ఇంకా కొట్టులోనే కూర్చుంటాడు, మేకు కావాలన్నా పద్నాలుగు మైళ్లు పోయి పక్కూళ్లో కొంటాను, పెళ్లి చేసుకోలేదేం టీచరమ్మా అని అడుగుతారు, నిద్రలో మాట్లాడతానేమోనని ఎవరి పక్కనా పడుకోలేదని ఎలా చెప్పను.

మూడో టేకు, ఈసారి వెర్డీ పెదవులు కొరుక్కుని కూర్చుంది, విసనకర్రలు తప్ప చప్పుడు లేదు, తలుపు దగ్గర పోలీసు వేషగాడు నోటుబుక్కుతో నిలబడ్డాడు, పాస్టరు వేషగాడు పెట్టెమీద చెయ్యి వేసి, ఈ బిడ్డను తీసుకెళ్లిందెవరో ఈ గదిలో ఒక్కరికీ తెలియదా అన్నాడు, ఆనాడు మా పాస్టరు ఇలా అడగలేదు, ఆయనకూ పిల్లలున్నారు, ఈ మాట ఎక్కడో కాలిఫోర్నియాలో ఎవరో రాసింది, అయినా పిలుపు పిలుపే, ఆర్లిస్ గ్యాంట్, ఎవరిదా గొంతు, మళ్లీ వినిపించింది, ఆర్లిస్ గ్యాంట్, నేను చూశాను, కట్ కట్ అంటున్నారు, చాలా బాగా పలికారు మేడమ్ కానీ ఆ మాట స్క్రిప్టులో లేదు, నాలుగోది చేద్దాం అంటున్నారు, వెర్డీ నవ్వడం లేదు, నా మణికట్టు పట్టుకుని ఏమన్నావు ఎర్నెస్టీన్ అంటోంది, పోలీసు వేషగాడు నోటుబుక్కు మూసేశాడు, అందులో ఎప్పుడూ ఏమీ లేదు, లేచాను, నా ఉంగరం ఇవ్వమ్మా, కోర్టు ఐదింటిదాకా తెరిచే ఉంటుంది అన్నాను, అమ్మ పోయి పదకొండేళ్లు, ఆ చెయ్యి ఎప్పుడో మట్టిలో కలిసింది, ఇన్నేళ్లూ నా నోటిమీద ఉన్నది నా చెయ్యే.