గల్లాపెట్టె పక్కన జాడీ

మా ఆవిడకి అనుమానం వచ్చిందంటే నాకు ముందు తెలిసేది గిన్నెల చప్పుడుతోనే. ఆ రోజు సాయంత్రం మూతలన్నీ మోగాయి. చేప ముక్కలకి కారం పట్టిస్తూ, ఈసారి నేను చేసిన ఘనకార్యం ఏమిటా అని ఆలోచించాను. ఏమీ తట్టలేదు. ఇంతలో ఆవిడ గల్లాపెట్టె పక్కనుండే గాజు జాడీ పట్టుకొచ్చి, నా ముక్కు ముందు తలకిందులు చేసింది.

"చూశారా? ఒక్కటైనా రాలిందా?"

రాలలేదు.

"మీ అక్కయ్య మనల్ని వదిలేసింది," అని తేల్చేసింది.

సముద్రం రోడ్డులో మాదొక చిన్న హోటలు. వంట నాది, గల్లాపెట్టె ఆవిడది. రోడ్డుకి ఈ చివర చేపల మ్యూజియం, ఆ చివర లైట్‌హౌస్. లైట్‌హౌస్ అడుగున మా అక్కయ్య గవ్వల కొట్టు. సముద్రాన్ని పక్కన పెడితే, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి ఇంతకు మించి చూసేదేమీ లేదు. పొద్దున మా దగ్గర టీ తాగి "ఇక్కడ ఏం చూడాలండీ" అని అడిగినవాళ్ళని మేము లైట్‌హౌస్‌కి పంపుతాం. దిగాక కింద కొట్టు మావాళ్ళదేనని చెప్తాం. వాళ్ళు అన్ని మెట్లూ ఎక్కి దిగి, నీరసంగా కొట్టు ముందు నిలబడి "భోజనం ఎక్కడ బాగుంటుంది" అంటే, అక్కయ్య మా దగ్గరికి పంపుతుంది.

ఊరికే పంపదు. చేతిలో ఒక ఆల్చిప్ప పెట్టి, "ఇది మా తమ్ముడి హోటల్లో ఇవ్వండి, వేయించిన చేప ముక్క ఒకటి ఊరికే పెడతారు" అంటుంది. అంచు విరిగిన, బూడిదరంగు చిప్ప. మా ఆవిడ దాన్ని తీసుకుని జాడీలో వేస్తుంది. సాయంత్రం నేను ఆ జాడీ పట్టుకెళ్ళి అక్కయ్య బుట్టలో గుమ్మరించి, కాసేపు కూర్చుని టీ తాగి వస్తాను. బావ ఉన్నప్పటి నుంచీ ఇదే పద్ధతి. బావ పోయాక, మోకాళ్ళ నొప్పులతో అక్కయ్య కొట్టు దాటి రావడం తగ్గించేసింది. మేమిద్దరం నాలుగు మాటలు చెప్పుకునేది ఆ టీ దగ్గరే.

ఆ మధ్య ఒకసారి రిక్షా కట్టించుకుని మా ఇంటికి భోజనానికొచ్చింది. మా ఆవిడ వడ్డిస్తూ, "ఏం వదినా, మా హోటలుకొచ్చేవాళ్ళ చేతికి చిప్ప ఇచ్చి పంపుతున్నావు! చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అంది. అందరం పడీ పడీ నవ్వాం. అక్కయ్య కూడా నవ్వింది, కాకపోతే మా అందరి కంటే కొంచెం ఆలస్యంగా.

ఆ తర్వాతే జాడీ ఖాళీ అవడం మొదలైంది.

"జనం వస్తూనే ఉన్నారు కదే. బల్లలన్నీ నిండుతున్నాయి. ఇంకేం కావాలి నీకు?" అన్నాను.

"వస్తున్నారు. ఎవరు పంపితే వస్తున్నారు? అది చెప్పండి."

"నా వంట తిందామని వస్తున్నారేమో."

ఆవిడ నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. 

ఆ రోజు నుంచి మా హోటలు పోలీసు స్టేషనైంది. మనిషి కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే మా ఆవిడ వెళ్ళి ఎదురుగా నిలబడేది. "ఎవరైనా పంపారా అండీ?" అని అడిగేది. తమాషా ఏమిటంటే, సమాధానం ఎవరూ తిన్నగా చెప్పలేదు. మొగుడు పెళ్ళాం మొహం చూసేవాడు, పెళ్ళాం సంచీ ఒళ్ళోకి లాక్కునేది. "లేదండీ, అలా నడుస్తూ వచ్చాం" అనేవారు. ఒకాయన అయితే చేయి జేబులోంచి తియ్యకుండా ఒంటి చేత్తోనే భోజనం కానిచ్చాడు. వంటింటి కిటికీలోంచి అదంతా చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకూ గుబులు పట్టుకుంది.

"వీళ్ళంతా అద్దాల హోటలువాడు పంపిన మనుషులు," అంది మా ఆవిడ రహస్యంగా. "మన కూరల గుట్టు కనుక్కోవడానికి వస్తున్నారు."

అద్దాల హోటలు లైట్‌హౌస్ దారిలో కొత్తగా వెలిసింది. గోడలే లేవు, అన్నీ అద్దాలు. దాని యజమాని నీడలో కూడా నల్లకళ్ళజోడు తియ్యడు. మా ఆవిడకి అనుమానించడానికి ఆ ఒక్కటీ చాలు.

"గుట్టా? ఉప్పూ కారం తప్ప నేనేం వేస్తానే?"

"అందుకే వాళ్ళకి దొరకట్లేదు," అంది.

"ఈ గొడవంతా ఎందుకు, అక్కయ్యనే అడిగితే పోతుంది కదా," అంటే ఒంటికాలి మీద లేచింది. "నేనడగాలా? ఆవిడకి తెలీదా? ఖాళీ జాడీ ఊపుకుంటూ వెళ్ళి ఆవిడ ముందు నిలబడతారా? సిగ్గులేదూ?" దాంతో నా సాయంత్రం టీ కూడా ఆగిపోయింది. రోజూ ఆ వేళకి కాళ్ళు వాటంతట అవే గుమ్మం దాకా వెళ్ళి, ఆవిడ దగ్గు విని వెనక్కి వచ్చేవి.

ఒకనాడు నిమ్మకాయల వంకతో నన్నే పంపింది. నిమ్మకాయలు మా వీధి మలుపులోనే దొరుకుతాయి. నేను లైట్‌హౌస్ దాకా వెళ్ళి, అవతల టోపీల దుకాణం చాటున నిలబడి చూశాను. కన్నతల్లిలాంటి అక్కయ్యని అలా దొంగలా చూడాల్సి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అక్కయ్య స్టూలు మీద కూర్చుని గవ్వలు గుచ్చుతోంది. ఎదురుగా, నేను కూర్చునే కుర్చీలో, అద్దాల హోటలాయన. చేతిలో టీ గ్లాసు.

ఇంటికొచ్చి చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను.

మా ఆవిడ అరవలేదు. అదే నన్ను భయపెట్టింది. మర్నాడు పొద్దున టీ తాగి "ఏం చూడాలండీ" అన్నవాళ్ళతో, "చేపల మ్యూజియం చూడండి, చాలా బాగుంటుంది" అంది. "లైట్‌హౌస్?" అని అడిగితే, "మెట్లు జారుతున్నాయట, పిల్లలతో ఎందుకు" అంది. ఆ మ్యూజియంలో ఉన్నవన్నీ ముసలి చేపలు, అవి కదిలితే చూసేవాళ్ళ అదృష్టం. అయినా మా ఆవిడ మాటకి మా దగ్గర టీ తాగినవాళ్ళంతా అటే కదిలారు. నేను వారించబోతే గరిటె చప్పుడు చేసింది. నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.

కొన్నాళ్ళకి మాకు చేపలు తెచ్చే ఆవిడ బుట్ట దించుతూ, "మీ అక్కయ్యగారు కొట్టు ఇచ్చేస్తున్నారటగా? లైట్‌హౌస్ ఎక్కేవాళ్ళే లేకపోతే పాపం ఏం చేస్తారు లెండి," అంది.

"ఎవరికి ఇస్తోంది?" అంది మా ఆవిడ.

"ఆ అద్దాలాయనకేనంట."

మా ఆవిడ నా వైపు తిరిగి, "నేను చెప్పలేదూ?" అంది. కానీ ఆ గొంతులో గెలిచిన సంబరం లేదు.  ఆ కొట్టు బావ తన చేతుల్తో కట్టుకున్నది. అది పోతే ఆ మనిషికి పొద్దు ఎలా గడుస్తుంది?

మరుసటి మధ్యాహ్నం ఒక ముసలి జంట భోజనానికొచ్చింది. మా ఆవిడ మామూలు ప్రశ్న వేసింది. ముసలాయన పైకప్పు చూశాడు. ముసలావిడ, "ఎవరూ పంపలేదమ్మా, మేమే వచ్చాం" అంది, అడిగినదానికంటే గట్టిగా. ధరల బోర్డు చదవడానికి సంచీలోంచి కళ్ళజోడు పెట్టె తీసి తెరిచింది. కళ్ళజోడుతో పాటు ఒక గవ్వ బల్ల మీద పడి దొర్లింది. పులిమచ్చలతో, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

మా ఆవిడ దాన్ని అరచేత్తో ఆపింది. "ఇదెక్కడిది?"

"కొన్నాం..." అంది ముసలావిడ.

"ఈ వయసులో అబద్ధాలెందుకే, చెప్పెయ్," అన్నాడు ముసలాయన.

పాపం ముసలావిడ మొహం చిన్నబుచ్చుకుంది. "లైట్‌హౌస్ దగ్గర పెద్దావిడ ఇచ్చిందమ్మా. ఇక్కడిస్తే చేప ముక్క పెడతారంది. చేప ముక్క తింటే అయిపోతుంది. ఇంత చక్కటిది మళ్ళీ మాకెక్కడ దొరుకుతుంది? ఇంట్లో అద్దం ముందు పెట్టుకుందామని... నువ్వడిగితే ఇచ్చెయ్యాల్సి వస్తుందని..."

 పక్క బల్ల దగ్గర మనిషి మెల్లగా జేబులోంచి చేయి తీశాడు. "మాకూ ఇచ్చారండీ," అన్నాడు. అతని చేతిలో ఇంకో గవ్వ. కిటికీ పక్క కూర్చున్న అమ్మాయి రుమాలు మూట విప్పింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వెనక పెనం మీద ముక్కలు మాడిపోయాయి.

మాకు విడి గవ్వ ఒక వస్తువే కాదు. ఇసకతో పాటు చీపురుతో ఊడ్చేస్తాం. అక్కయ్య కూడా గవ్వల్ని తెరగా గుచ్చితేనో, అద్దం చుట్టూ అతికిస్తేనో అమ్మకానికి పెడుతుంది. విడి గవ్వని ఎవరైనా మురిసిపోయి దాచుకుంటారని మాలో ఏ ఒక్కరికీ తోచలేదు.

"తీసుకోమ్మా, మీదే కదా," అని ముసలావిడ గవ్వని మా ఆవిడ చేతిలో పెట్టేసింది. మిగతావాళ్ళూ ఇచ్చేశారు. అందరికీ చేప ముక్కలు పెట్టాం. వాళ్ళు లేవగానే మా ఆవిడ హోటలు తలుపులు దగ్గరికేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా రోడ్డెక్కింది. నేను వెనకాల పరిగెత్తాను.

అక్కయ్య కొట్టు ముందు ఒకతను గోడకి టేపు పట్టి కొలుస్తున్నాడు. అక్కయ్య ఎప్పటిలాగే గవ్వలు గుచ్చుతోంది.

"రామ్మా. ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంది మా ఆవిడని చూసి. "అద్దాల హోటలాయన ఇక్కడ ఐస్‌క్రీం కొట్టు పెట్టుకుంటాట్ట. ఎప్పట్నుంచో అడుగుతున్నాడు, పొమ్మంటూనే ఉన్నాను. ఇప్పుడు ఇటు రోజుకి పదిమంది కూడా రావట్లేదు. సాయంత్రం మాటిస్తానన్నాను."

మా ఆవిడ టేపు అతనికీ అక్కయ్యకీ మధ్య వచ్చి నిలబడింది.

"ఇంతకీ ఆ గవ్వలు ఎక్కడ పెట్టావు?" అంది అక్కయ్య. ఆ మొహంలో ఎంత ఆశ! "వీడు జాడీ తేవడం మానేస్తే, మా మరదలికి నచ్చాయి, దాచుకుంటోంది అనుకున్నాను. పోనీలే అనుకున్నాను. నువ్వు చిప్పలని నవ్వావు కదా. నిజమే, మంచివి ఇస్తే నీకూ గౌరవంగా ఉంటుందని మీ అన్నయ్య ఉన్నప్పుడు ఏరి దాచినవి తీశాను. వలల్లో పడ్డవి జాలర్లని బతిమాలి తెచ్చుకునేవాడు. తిరిగి మన దగ్గరికే వచ్చేవి కదా అని తీశాను."

 మా ఆవిడ గుప్పిలి విప్పింది. అందులో హోటల్లో దొరికిన గవ్వలు.

"ఇవే ఉన్నాయి వదినా. మిగతావి వచ్చినవాళ్ళు పట్టుకుపోయారు. నువ్వు అద్దాలాయనతో కలిసిపోయావనుకున్నాను. నీ దగ్గరికి వచ్చేవాళ్ళని మ్యూజియంకి పంపింది నేనే." అంటూ అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చింది.

అక్కయ్య ఆ గవ్వల్ని తీసుకుని ఒక్కొక్కటీ తుడిచింది. 

"గవ్వలు పోతే పోయాయి," అంది చివరికి. "నన్నొక్క మాట అడగాలనిపించలేదా?" అది మా ఆవిడతో అన్నా, చూసింది నా వైపే. తర్వాత టేపు అతన్ని పిలిచి, "మీ యజమానితో చెప్పు బాబూ, ఇవాళ మాటివ్వట్లేదని," అంది. మాకు టీ కూడా ఇవ్వలేదు. ఇద్దరం తలలు దించుకుని వచ్చేశాం.

మర్నాడు పొద్దున మా ఆవిడ టీ తాగినవాళ్ళనందరినీ లైట్‌హౌస్‌కి తరిమింది. వద్దన్నవాళ్ళని కూడా వదల్లేదు. మధ్యాహ్నమయ్యేసరికి గుమ్మం వైపు చూస్తూ నిలబడింది. నేనూ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. జనం వస్తున్నారు, కూర్చుంటున్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు.

చాలా ఆలస్యంగా ఒకతను ఎండకి చెమటలు కక్కుతూ వచ్చి, గల్లాపెట్టె మీద ఏదో పెట్టాడు. అంచు విరిగిన, బూడిదరంగు ఆల్చిప్ప.

"లైట్‌హౌస్ దగ్గర పెద్దావిడ ఇచ్చారండీ. దాచుకోవద్దు, మా మరదలి చేతికే ఇమ్మని మరీ మరీ చెప్పారు," అన్నాడు. "అయినా దీన్నెవరు దాచుకుంటారండీ?"

మా ఆవిడ ఆ చిప్పని కళ్ళకద్దుకుని జాడీలో వేసింది. అతనికి రెండు ముక్కలు పెట్టమని నాకు కేకేసింది. 

సాయంత్రం అలవాటు కొద్దీ నేను జాడీ అందుకోబోతే, నా చేతిలోంచి లాక్కుంది.

"మీరు గల్లాపెట్టె చూసుకోండి. ఇవాళ నేను వెళ్తాను," అంది.