అరవై ఏడు ఘనం

ప్రేమకుమారి నోటుపుస్తకం పోయింది 2004 ఆగస్టులో, ఒక సోమవారం పొద్దున, తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజరులో. ఆవిడ భర్త బర్నబాస్ మాస్టారు బడి గేటు దాకా నడిచాక గానీ సంచి తేలికైన సంగతి గమనించలేదు. వెనక్కి వెళ్లేసరికి స్టేషనులో బండి లేదు.

ఆవిడ బాపట్లలో లెక్కల టీచరు. పిల్లల కోసం ఒకటి నుంచి వంద దాకా ఘనాలు రాయాలనుకుంది. అరవై ఏడుది ఆసుపత్రి మంచం మీద రాసింది. అదే ఆఖరు. ఆ ఏడు వేసవిలోనే కన్నుమూసింది.

మాస్టారు పది రోజులు కనబడ్డవాళ్లందరినీ అడిగారు. పదకొండో రోజు బండిలో జామకాయల యలమంద కొత్త బేరం పెట్టాడు.

"ఘనమూలం చెప్పినోళ్లకి కాయ ఊరికే. తొంభై ఏడువేల మూడువందల ముప్పై ఆరు."

"నలభై ఆరు," అన్నారు మాస్టారు, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే.

"లోపల మిషనేమన్నా పెట్టుకున్నారా మేస్టారూ?"

"చివర ఆరుంది, కాబట్టి మూలం చివరా ఆరే. వెనక మూడంకెలు తీసేయ్. తొంభై ఏడు మిగిలింది. నాలుగు ఘనం అరవై నాలుగు, అయిదు ఘనం నూట పాతిక. తొంభై ఏడు మధ్యలో ఉంది, అందుకని ముందు నాలుగు."

కాయ ఒళ్లో పడింది.

"ఇట్టాగైతే గంప రేపల్లె చేరదు. ఇది చెప్పండి చూద్దాం. మూడు లక్షల ఏడువందల ముప్పై ఆరు."

అది ఏ సంఖ్యకూ ఘనం కాదు. అనబోయి ఆగిపోయారు. అరవై ఏడు ఘనం చివర అరవై మూడు రావాలి. ఆవిడ ముప్పై ఆరని తిరగేసి రాసింది. సమాధి చేసిన మర్నాడే ఆయన అది చూశారు.

"అరవై ఏడు," అన్నారు నెమ్మదిగా. "ఆ పుస్తకం ఎక్కడిది యలమందా?"

యలమంద గంపలో ఆకుల కింద నుంచి పుస్తకం తీశాడు. "సీటు కింద దొరికిందండి. పేరు లేదు. పైకి చదువుతా ఉంటే ఎవరో ఒకరు నాదంటారనుకున్నా. ఈలోగా బేరం కూడా బాగానే ఉందనుకోండి. మీదా?"

"మా ఆవిడది."

యలమంద కండువాతో అట్ట తుడిచి ఇచ్చాడు. "మరి నా బేరం?"

"పుస్తకం అక్కర్లేదు. ఘనం కట్టి వాళ్లనే అడగమను, మూలం నువ్వు చెప్పు. చివర రెండుంటే మూలానికి ఎనిమిది, ఎనిమిదుంటే రెండు. మూడుంటే ఏడు, ఏడుంటే మూడు. తక్కినవి దేనికదే."

యలమంద వేళ్లు ముడిచి చూసుకున్నాడు. "అయితే అరవై ఏడుకి చివర మూడు రావాలి గదండీ. అమ్మగారు పొరపాటు పడ్డారు. దిద్దేయండి." చెవి మీది పెన్ను తీసిచ్చాడు.

భట్టిప్రోలు దాటింది. మాస్టారు పేజీ తెరిచి, పెన్ను మూత తీసి పట్టుకున్నారు. రేపల్లె వచ్చింది. మూత పెట్టి పెన్ను తిరిగిచ్చేశారు.

ఆ అంకెలు ఇంకా దిద్దలేదు. అరవై ఎనిమిది ఇంకా రాయలేదు.